దారపు కండె

ద్రహోమీరా దాన్ని పాత కంబళిలో చుట్టి
ట్రాములో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
"పలికించక్కర్లేదు, తుడిచిస్తే చాలు,
మనవడి పెళ్ళికి అల్మరా మీద అందంగా ఉంటుంది" అంది.
ఓస్త్రావాలో నా కొట్టుకొచ్చేవాళ్ళంతా
మొదట ఈ మాటే అంటారు.

బేకలైటు. ముదిరిన బెల్లప్పాకం రంగు.
ఒక మూల వెంట్రుకవాసి బీట.
బొటనవేలితో కాసేపు రుద్దితే
ఆస్పత్రి వరండా వాసన.
అది దాని ఒంటి వాసన, ఎనభై ఏళ్ళైనా పోదు.

మీటకి కట్టిన అట్టముక్క ఇంకా వేలాడుతోంది.
ఎలకలు తిన్నంత తిన్నాయి,
మిగిలిన అక్షరాలు చాలు:
పరాయి దేశపు మాట వింటే మరణశిక్ష.
ఆ ఏళ్ళలో రేడియోల్ని దుకాణాలకి పిలిపించి
షార్ట్‌వేవ్ చుట్ట పీకేసి ఇంటికి పంపేవారు.
పాటంటే చెవి కోసుకునే మనుషుల మధ్య
రేడియోల చెవులు కోశారు.

వెనకట్ట విప్పాను.
సాలెగూడు, బొగ్గునుసి, ఒక గుండుసూది.
మైనం కారిపోయిన కెపాసిటర్లు,
ముట్టుకుంటే అప్పడంలా విరిగే రబ్బరు తొడుగులు.
అయిదు వాల్వుల్లో నాలుగు బతికున్నాయి,
అయిదోదాని గాజులో విరిగిన పాల తెలుపు.
గాలి చొరబడితే అంతే.

స్పీకరు వెనకాల, చెయ్యి దూరని చోట
ఒక కొయ్య దారపు కండె.
దాని మీద రాగితీగ,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పద్నాలుగు చుట్లు.

నలభై ఏళ్ళుగా ఇలాంటివి చూస్తున్నాను.
చెంచా కాడకి చుట్టినవి, సీసా బిరడాకి చుట్టినవి,
భయంతో చెయ్యి వణికి వంకర పోయినవి.
ఇది వణకలేదు.
చివర మెలిపెట్టి వదిలెయ్యలేదు,
గుండీ కుట్టాక వేసే ముడి ఉంది.
రాగి కింద రెండు వరసల దారం కూడా మిగిలింది,
బూడిద కలిసిన పచ్చ.

ఫోను చేశాను. "మీ నాన్నకి కరెంటు పని వచ్చా?"
"గని కూలీ. తీగ చూస్తే ఆమడ దూరం పారిపోయేవాడు."
"మరి ఇంట్లో కుట్టుపని ఎవరిది?"
అవతల చాలాసేపు గరగర మాత్రమే.

"అమ్మది" అంది. "బ్లాజెనా.
వాళ్ళ అధికారులకి కోట్లు కుట్టింది.
యుద్ధమయ్యాక మెట్ల మీద ఎదురైనా
ఒక్కరూ పలకరించలేదు, పోయేదాకా.
పెట్టె మొయ్యడానికి నలుగురు లేక
కూలిచ్చి పిలిచాం."

గోడలకు చెవులుంటాయంటారు.
ఆ మేడలో ప్రతి గోడకీ ఉన్నాయి.
రాత్రి పొద్దుపోయాక కుట్టుమిషను చప్పుడు విన్నాయి,
శత్రువు బట్టలని లెక్క రాసుకున్నాయి.
సూది కింద అప్పుడు బట్ట ఉందో లేదో
చెవులకేం తెలుస్తుంది?

కెపాసిటర్లు మార్చాను. వాల్వు ఒకటి కొత్తది.
ముళ్ళు నడిపే తాడు తెగితే మళ్ళీ కట్టాను.
కరెంటు చంటిపిల్లకి ఉగ్గు పట్టినట్టు ఇచ్చాను,
ముప్ఫై వోల్టులు, టీ తాగొచ్చి అరవై,
సాయంత్రానికి నిండుగా.
గాజులు నారింజరంగు తిరిగాయి.
కాలిన దుమ్ము వాసన, చిన్న గురక,
గొంతు సవరించుకున్నట్టు ఒక పొడి శబ్దం.

మీడియంవేవ్ ఈ దేశంలో కట్టేసి కొన్నేళ్ళైంది.
షార్ట్‌వేవ్‌కి తిప్పాను, ఆ పద్నాలుగు చుట్ల మీదుగా.
ఎవరో ఒకామె, ఏ భాషో,
వార్తలో వాతావరణమో, తగ్గుతూ హెచ్చుతూ.

ద్రహోమీరా కోటైనా విప్పకుండా కూర్చుంది.
ఏమీ అర్థం కాకపోయినా అంతా వింది.
ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించింది.
తర్వాత బిల్లు చదివింది:
కెపాసిటర్లు తొమ్మిది, వాల్వు ఒకటి, తాడు.
కండె: ముట్టుకోలేదు.

"ఈ అట్టముక్క తీసెయ్యనా? పెళ్ళిలో బాగోదేమో."
కంబళి మడతపెడుతూ ఆగింది.
"ఉండనీ.
ఎవరో ఒకరు అడగాలిగా."